పద్నాలుగో వరుసలో బుగ్గమ్మ

కిందటి వారం మనోజను ఒక పాత నోటుబుక్కు ముందు కూర్చోబెట్టి మనం ఎవరి దారిన వాళ్లం వెళ్లిపోయాం. పాపం, ఆ పిల్ల ఇంకా అక్కడే ఉంది. కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్లకు నాలుగు ముక్కలు చెప్పి ఆమెను లేపుతాను.

ఇబ్రహీంపట్నంలో సాగర్ రోడ్డు మీద, ఎరువుల దుకాణం పైన రెండో అంతస్తులో ఒక చిన్న ఆఫీసు. కిడ్నీలు పాడై వారానికి మూడుసార్లు డయాలసిస్‌కు వెళ్లేవాళ్లను ఊళ్ల నుంచి తీసుకెళ్లి, తిరిగి దింపే బండ్ల యాప్ వాళ్లది. ఏ బండి ఎవరిని ఎన్ని గంటలకు ఎక్కించుకుంటుందో ముందురోజు సాయంత్రమే ఆ యాప్ ఫోనుకు చెబుతుంది. చదువు వచ్చినవాళ్లకు అక్షరాల్లో, రానివాళ్లకు మాటల్లో. ఆ పని చేసే ప్రోగ్రాములను, వాటికి కావలసిన సరంజామాతో సహా డబ్బాల్లో సర్ది, ఎక్కడో దూరాన అద్దెకు తీసుకున్న యంత్రాల గుంపులో నడుపుతారు. కంటైనర్లు, క్లస్టర్ అని వాటి అసలు పేర్లు. ఈ ఆఫీసులో మాత్రం డబ్బాలు, మంద అనే అంటారు. మంగళవారం మంగళవారం పాత డబ్బాలు దింపి కొత్తవి ఎక్కించే పని ఆరేళ్లుగా అమరేందర్ చేతుల మీద నడుస్తోంది. మొత్తం పదిహేడు మెట్లు, నోటుబుక్కులో రాసుకున్నవి.

ఆ పదిహేడింటినీ మనిషి చెయ్యి తగలకుండా వాటంతట అవే నడిచే పైప్‌లైన్‌గా మార్చడం మనోజ పని. మూడు నెలల పరీక్ష మీద చేర్చుకున్నారు. అంతకుముందు మూడు కంపెనీలు ఆమెను గుమ్మంలోంచే పంపేశాయి. పరీక్ష గడువు ఈ మంగళవారంతో తీరుతుంది. మధ్యాహ్నం మూడింటికి పట్నం నుంచి పెద్ద ఆసుపత్రి వాళ్లు వచ్చి చూస్తారు. పైప్‌లైన్ నడిస్తే మంద మొత్తం మనోజ చేతికి వస్తుంది. అమరేందర్ హయత్‌నగర్‌లో ఫోన్లు ఎత్తే గదికి వెళ్లాలి. యజమాని సంజీవ ఈ సంగతి ఇద్దరికీ ఒకేసారి, ఒకే గదిలో, టీ తాగుతూ చెప్పాడు. మొహమాటం ఆయన ఒంటికి పడదు.

అంతా అయిపోయిందని చేతులు దులుపుకోబోతూ మనోజ ఆఖరిసారి నోటుబుక్కు తెరిచింది. చెమ్మ తగిలి అలుక్కుపోయిన పద్నాలుగో వరుసను ఇన్నాళ్లూ ఖాళీ అనుకుని వదిలేసింది. కిటికీ వెలుతురులో వంచి చూస్తే అక్కడ రెండు మాటలున్నాయి. "బుగ్గమ్మను అడగాలె." ఎవరీ బుగ్గమ్మ? ఆమెను మిషను ఎట్లా అడుగుతుంది? కిందటి వారం మనం ఆగింది ఇక్కడ.

* * *

మంగళవారం పొద్దుటికి ముసురు పట్టింది. పది గంటలైనా తెల్లవారిందో లేదో తెలియని వెలుతురు. బస్సులు లైట్లు వేసుకుని డిపోలోంచి బయటికి వస్తున్నాయి. వాటి చప్పుడు కూడా దుప్పటి కప్పుకుని విన్నట్టు మెత్తగా ఉంది. అమరేందర్ ఇంకా రాలేదు. మనోజ నోటుబుక్కు మీదనే తల ఆనించి కళ్లు మూసుకుంది.

కలలో పెద్దచెరువు వచ్చింది. నీళ్ల మీద డబ్బాలు తేలుతున్నాయి, ఒక్కోదానికి ఒక్కో చిన్న తలుపు. ఆమె మోకాళ్ల లోతు నీళ్లలో నడుస్తూ తలుపులు తడుతోంది. ఉన్నవా? ఉన్న. ఉన్నవా? ఉన్న. నిజంగా మందలో జరిగేదీ ఇదే. కాపలా ప్రోగ్రాము ఒకటి పది సెకన్లకోసారి ప్రతి డబ్బానూ ఇట్లాగే పలకరిస్తుంది. పలకనిదాన్ని తీసేసి దాని చోట కొత్తది నిలబెడుతుంది. కలలో అన్నీ పలికాయి. నీళ్లు గోరువెచ్చగా ఉన్నాయి. ఆమెకు ఎంత హాయిగా ఉందంటే, ఇక లేవకపోయినా బాగుండుననిపించింది.

గొడుగు దులిపిన చప్పుడుకు మెలకువ వచ్చింది. ఎదురుగా అమరేందర్. నలభై అయిదు దాటిన మనిషి, నిదానస్తుడు, ఎవరినీ పల్లెత్తు మాట అనని రకం. ఈ ఆఫీసులో మనోజకు డబ్బా అంటే ఏమిటో, మంద అంటే ఏమిటో కూర్చోబెట్టి నేర్పింది ఆయనే. తన కుర్చీకి తానే ఎసరు పెట్టుకుంటున్నానని తెలిసి కూడా నేర్పాడు. ఆ మాట తలచుకున్నప్పుడల్లా మనోజకు ఎక్కడో ముల్లు గుచ్చుకున్నట్టుంటుంది.

ఆమె నోటుబుక్కు ఆయన వైపు తిప్పి, పద్నాలుగో వరుస మీద వేలు పెట్టింది.  ఆయన కిటికీ దగ్గరికి కుర్చీ లాక్కుని, ముసురులోకి చూస్తూ చెప్పడం మొదలుపెట్టాడు.

నాలుగేళ్ల కిందటి మంగళవారం అది. కొత్త డబ్బాలన్నీ ఎక్కాయి, అన్నీ ఉన్న ఉన్న అని పలికాయి, తెర మీద అన్ని దీపాలూ పచ్చగా వెలిగాయి. అమరేందర్ ఇంటికి వెళ్లి హాయిగా అన్నం తిన్నాడు. కానీ డబ్బాల్లో ఎక్కడో చిన్న పొరపాటు. చదువు రానివాళ్ల ఫోన్లకు ఆ సాయంత్రం మాటలు వెళ్లలేదు. బండి వేళలు మారిన వారం అది. మంచాల దిక్కున ఒక ఊళ్లో బుగ్గమ్మ అనే ఆమె, సంచీ చంకన పెట్టుకుని, పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా రోడ్డు మీద కూర్చుంది. ఆమె రావడానికి ముందే బండి వెళ్లిపోయింది. ఒక డయాలసిస్ వంతు తప్పింది. రెండోది తప్పేసరికి ఒంట్లో నీరు చేరి ఎనిమిది రోజులు దవాఖానలో పడుకుంది. అమరేందర్ బత్తాయిలు పట్టుకుని చూడ్డానికి పోయాడు. ఆమె తినకూడని పండ్లు అవేనని అక్కడికి పోయాక తెలిసింది. సంచీ కాళ్ల దగ్గర దాచుకుని, తప్పు నాదని చెప్పాడు.

"తిడ్తదనుకున్న," అన్నాడు అమరేందర్. "తిట్టలే. ఇంకోపారి మార్చేటప్పుడు ముందుగాల నా ఒక్కదాని ఫోన్ల పెట్టు, మాట్లాడితె చెప్త, అప్పుడు అందరికి పెట్టు అన్నది."

అప్పటి నుంచి అదే పద్ధతి. ప్రతి మంగళవారం పన్నెండు డబ్బాల్లో ఒక్కటే ముందు మారుస్తాడు. ఆ ఒక్కదానికి బుగ్గమ్మ ఫోను ఒక్కటే కలిపి ఒక కబురు పంపుతాడు. ఆమెకు ఫోన్ చేసి, మాట్లాడిందా అవ్వా అని అడుగుతాడు. మాట్లాడింది అంటేనే మిగతా పదకొండూ.

మనోజకు కోపం వచ్చింది. నిద్ర మత్తంతా ఆ కోపంతో వదిలిపోయింది.

"ఆమెకే జరిగింది గదన్నా. మల్ల ముందుగాల ఆమె మీదనే పెడ్తున్నవా?"

"నేను వద్దనే అన్న. ఇనలే. నాకు ఒక్కదానికి తప్పితె ఫోన్ చేసి పిలుస్తవు, అందరికి తప్పితె ఎవల్నని పిలుస్తవ్ అన్నది." ఆయన కిటికీ మీది చెమ్మ చేత్తో తుడిచాడు. "నేనేం చెప్పాలె చెప్పు."

మరి ఇంత ముఖ్యమైన మెట్టు నాకెందుకు చెప్పలేదని ఆమె నిలదీసింది.  మిషను మనిషిని అడగడం కుదరదు కదా, చెప్పి నిన్ను ఇబ్బంది పెట్టడం ఎందుకనుకున్నాను అన్నాడు అమరేందర్. ఆ జవాబు ఆయనకే నచ్చలేదు. గొడుగు మడతలు సర్దుతూ, చాలా చిన్న గొంతుతో అసలు సంగతి చెప్పాడు.

"ఒక్క మెట్టన్న నాకు మిగుల్తదనుకున్న."

ఆ మాటకు మనోజ మనసు కలుక్కుమంది. అయినా చేతులు ఊరుకోలేదు. గంటన్నరలో పైప్‌లైన్‌కు పద్నాలుగో మెట్టు పెట్టేసింది. ఒక్క డబ్బా మారగానే మిషను ఆగుతుంది. బుగ్గమ్మకు తనే ఫోన్ చేసి, మనోజ గొంతుతో రికార్డు చేసి పెట్టిన ప్రశ్న వినిపిస్తుంది. ఫోను సరిగ్గా మాట్లాడి ఉంటే ఆమె ఒకటి నొక్కాలి, మాట్లాడకపోతే రెండు. ఒకటి వస్తేనే ముందుకు కదులుతుంది. అమరేందర్ ఆమె భుజం మీదుగా చూసి, మంచిగున్నది అన్నాడు. నిజంగానే అన్నాడు. ఆయనకు మంచి పని కనబడితే మెచ్చుకోకుండా ఉండటం చేతకాదు.

అంకెలు ఎక్కడ నొక్కాలో బుగ్గమ్మకు ఎవరైనా చూపించి రావాలి. పన్నెండు దాటాక ఐలేష్ నడిపే బండి మంచాల దిక్కు ఖాళీగా పోతుంది. మనోజ పరుగున కిందికి దిగి ఎక్కింది.

* * *

ఆ ప్రయాణం మనోజకు తర్వాత ఎప్పుడు గుర్తొచ్చినా, నిజంగా వెళ్లిందో కలగన్నదో తేల్చుకోలేకపోయింది. మబ్బు గుట్టల నడుము దాకా దిగి ఉంది. వెంచర్లలో పాతిన తెల్లరాళ్లు తడిసి మెరుస్తూ వరుసలు వరుసలుగా వెనక్కి పోతున్నాయి. ఒకచోట పత్తి చేను మధ్యలో గొంగడి కప్పుకున్న మనిషి ఒక్కడే నిలబడి ఉన్నాడు. బండి మలుపు తిరిగి చాలాసేపయ్యాక కూడా ఆ మనిషి అక్కడే ఉన్నట్టనిపించింది. ఐలేష్ ఏదో చెబుతూనే ఉన్నాడు. రేపటి నుంచి బండి ఆరింటికి కాదట, నాలుగున్నరకే వస్తుందట. రోడ్డు మీద రెండు నిమిషాలకు మించి ఆగవద్దన్నారట. కొత్త వేళలు ఈ సాయంత్రం అయిదింటికి అందరి ఫోన్లలో చెబుతారట కదా అని అడిగాడు. అవునన్నా అంది మనోజ, సగం నిద్రలో.

బుగ్గమ్మ ఇల్లు రోడ్డుకు దగ్గరే. రేకుల పంచలో మంచం మీద కూర్చుని ఉంది. అరవై దాటిన మనిషి. ఎడమచేతికి సూదులు గుచ్చే చోట నరం తాడులా ఉబ్బి ఉంది. ఎవరో తెలియని పిల్ల వానలో తడిసి వస్తే, ఎవరు ఏమిటని అడగకుండానే లేచి, కుండలోంచి చెంబెడు నీళ్లు ముంచి ఇచ్చింది. డాక్టర్లు తనకు రోజుకు తాగనిచ్చే కొద్ది నీళ్లు మాత్రం పక్కన ఒక చిన్న సీసాలో ఉన్నాయి, సగం కూడా లేవు. మనోజ చెంబు ఎత్తి గటగటా తాగుతుంటే బుగ్గమ్మ ఆమె గొంతు వైపే చూస్తూ కూర్చుంది. అసూయ లేదు ఆ చూపులో. చల్లగున్నయా అని మాత్రం అడిగింది.

అమరేందరన్న ఆఫీసు నుంచి వచ్చానని మనోజ చెప్పింది. ఇకనుంచి ఫోన్ మిషనే చేస్తుందని, అంకె నొక్కితే చాలని, పైన ఎడమ మూలన ఉన్నది ఒకటి, దాని పక్కది రెండు అని బుగ్గమ్మ వేలు పట్టుకుని చూపించింది. బుగ్గమ్మ బుద్ధిగా రెండుసార్లు నొక్కి చూసింది. తర్వాత ఫోను ఒళ్లో పెట్టుకుంది. రేకుల మీద ముసురు చప్పుడు చేస్తోంది.

"అయితె అమరేందర్ ఇగ ఫోన్ చెయ్యడా?"

చెయ్యడని మనోజ చెప్పింది.

"అయితె నీకొక మాట చెప్త బిడ్డా. ఆయనకు చెప్పొద్దు." బుగ్గమ్మ ఫోనును తిరగేసి, మళ్లీ బోర్లించింది. "గిది మాట్లాడక అయిదు మంగళారాలాయె."

మనోజకు మొదట అర్థం కాలేదు. అమరేందర్ వారం వారం అడుగుతూనే ఉన్నాడు కదా అంది.

"అడుగుతడు. మాట్లాడింది నాయినా అని చెప్తున్న." బుగ్గమ్మ తలదించుకుంది. "ఆఫీసుల ఎవతో పిల్ల వచ్చిందట. మిషన్ జేస్తున్నదట. నా పని పోతదేమో అవ్వా అని నవ్వుకుంటనే చెప్పిండు. గట్లాంటప్పుడు ఫోన్ మాట్లాడతలేదు అంటె, తప్పు జేసినవని ఆయన్నే అంటరు గద. బండేమొ ఎప్పుడొచ్చే యాళ్లకే వస్తున్నది. నా నోటితోని ఆయన నౌకరి ఎందుకు తియ్యాలె?"

ఆ ఎవతో పిల్ల చేతిలో ఖాళీ చెంబు పట్టుకుని కూర్చుంది. నేనే అవ్వా అని చెప్పవలసిన చోటు అది. చెప్పలేదు.

బదులుగా ఫోను తీసుకుని నిన్నటి కబురు తెరిచింది. ఫోను ఒకసారి వణికింది, తెర మీద అక్షరాలు వెలిగాయి, ఆరిపోయాయి. గొంతు లేదు. అయిదు వారాలు. మనోజ వెనక్కి లెక్క వేసుకుంది. సరిగ్గా అయిదు మంగళవారాల కిందట, మాటలు చెప్పే డబ్బా మరీ బరువుగా ఉందని, అక్కరలేనివన్నీ తీసిపారేసి దాన్ని మూడో వంతుకు తగ్గించింది తనే. ఎంత తేలికైందో చూడండని సంజీవ ఆఫీసంతా పిలిచి చూపించాడు. తీసిపారేసినవాటిలో తెలుగు గొంతు దస్త్రాలు కూడా పోయాయన్నమాట. పది సెకన్లకోసారి కాపలా ప్రోగ్రాము అడుగుతూనే ఉంది, డబ్బా ఉన్న అని పలుకుతూనే ఉంది. ఉంది, నిజమే. చెప్పవలసింది చెప్పడం మాత్రం మానేసింది.

చదువు రానివాళ్ల ఫోన్లు ముప్పై ఎనిమిది. బండి ఒకే వేళకు వస్తున్నంతకాలం ఎవరికీ తేడా తెలియలేదు. రేపు నాలుగున్నరకు ఆ ముప్పై ఎనిమిది మందీ నిద్రలో ఉంటారు.

"అవ్వా, మూడు గంటలకు మిషన్ ఫోన్ చేస్తది," అంది మనోజ.  "ఆయన కోసమని ఒకటి నొక్కకు. మాట్లాడకపోతె రెండే నొక్కు."

"ఆయనకేమన్న అయితదా?"

"కాదు. ఆయన తప్పు గాదు."

మరి ఎవరిదని బుగ్గమ్మ అడగలేదు. అడగనందుకు మనోజ లోలోపల ఆమెకు దండం పెట్టుకుంది.

* * *

ఐలేష్ ఇంకో ఇద్దరిని దింపి వచ్చేసరికి ఆలస్యమైంది. దారంతా మనోజ ఫోను చేతిలో పెట్టుకుంది. అమరేందర్ పేరు తెరిచింది, మూసింది. ఏమని చెప్పాలి? బుగ్గమ్మ సంగతి ఎత్తకుండా చెప్పడం కుదరదు. తన సంగతి చెప్పడానికి నోరు రావడం లేదు. మూడు గుమ్మాలు, మూడు నెలలు, ఈ రోజు. గొంతు దస్త్రాలు తిరిగి పెట్టడం పదిహేను నిమిషాల పని. బుగ్గమ్మ రెండు నొక్కితే మిషను ఎలాగూ ఆగుతుంది. అయిదింటిలోపు సరిచేసేస్తే ఎవరి పుట్టీ మునగదు అనుకుంది. అట్లా అనుకున్నాక కాస్త ఊపిరి ఆడింది. మబ్బులో పెద్దచెరువు కనిపించీ కనిపించకుండా పక్కనే జారిపోయింది.

ఆమె మెట్లెక్కేసరికి మూడు దాటి ఆరు నిమిషాలు. సంజీవ కొత్త చొక్కా వేసుకుని తెర పక్కన నిలబడి ఉన్నాడు. పట్నం నుంచి వచ్చిన ఇద్దరు ముందు కుర్చీల్లో, అమరేందర్ వెనక గోడకు ఆనుకుని. మొదటి డబ్బా మారింది, పచ్చదీపం వెలిగింది. మిషను తనంత తానే ఆగి బుగ్గమ్మకు ఫోన్ చేస్తోంది. ఈ ఆగడం ఏమిటని సంజీవ మొహం చిట్లించాడు. ప్రతి మంగళవారం ఆమెను అడిగాకే మిగతావి మారుస్తానని వెనక నుంచి అమరేందర్ చెప్పాడు. పట్నం వాళ్లలో పెద్దాయన మాత్రం ముందుకు వంగి, రోగినే అడుగుతుందా, ఇది మేమెక్కడా చూడలేదు అన్నాడు. ఆ మాటకు గోడ దగ్గర అమరేందర్ ముఖం వెలిగింది.

ఫోను మోగుతోంది. గదిలో అందరూ ఆ మోత వింటున్నారు. నాలుగోసారికి ఎత్తారు. మిషను తన ప్రశ్న అడిగింది. కాసేపు ముసురు చప్పుడు, రేకుల మీద పడుతున్నది, స్పష్టంగా వినిపించింది.

తెర మీద రెండు అని పడింది. పచ్చదీపం ఎర్రబడింది. పైప్‌లైన్ ఆగిపోయింది. నాలుగేళ్లలో బుగ్గమ్మ కాదనడం అదే మొదటిసారి. మనిషికి చెప్పలేకపోయిన నిజాన్ని మిషనుకు చెప్పేసింది.

మనోజ బల్ల దగ్గరికి వెళ్లి కూర్చుంది. మాటల డబ్బాలో గొంతు లేదని, కొత్తదాంట్లోనే కాదు, ఇప్పుడు నడుస్తున్న పాతవాటిలోనూ లేదని, అయిదు వారాలుగా లేదని చెప్పింది. పదిహేను నిమిషాల్లో సరిచేస్తానని కూడా చెప్పింది. తలెత్తకుండానే చెప్పింది.

సంజీవ ఆమెను చూడలేదు. గోడ వైపు తిరిగాడు.

"అయిదు వారాల సంది ఎక్కించింది నువ్వే గద అమరేందర్. ప్రతిసారి ఆమెను అడుగుతనంటివి. అడిగినవా?"

అమరేందర్ తెర వైపు చూశాడు. మాటల డబ్బా పక్కన దాని బరువు వారం వారం ఎంతో రాసి ఉంటుంది. అయిదు వారాల కిందట అది ఒక్కసారిగా పడిపోయిన చోట ఆయన చూపు ఆగింది. అది ఎవరి పనో, గొంతు ఎందుకు పోయిందో ఆయనకూ మనోజకూ తప్ప ఆ గదిలో ఇంకెవరికీ తట్టలేదు. ఆ చూపు అక్కడి నుంచి మనోజ మీదికి వచ్చింది. కోపం ఉంటే ఆమె తట్టుకునేదేమో. చెప్తవా అని మెల్లగా అడుగుతున్నట్టుంది, అంతే. ఆమె చేతులు కీబోర్డు మీదనే ఉండిపోయాయి. ఆయన ఇంకొంచెంసేపు ఎదురుచూశాడు.

"లేదు సార్. ఫోన్ చేసుడు మర్చిపోయిన," అన్నాడు. "తప్పు నాది."

పట్నం పెద్దాయన ఏదో రాసుకున్నాడు. సంజీవ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. హయత్‌నగర్ కూడా అవసరం లేదని, రేపటి నుంచి రావద్దని, అందరి ముందే చెప్పేశాడు. అమరేందర్ తలూపాడు. గొడుగు తీసుకుని, గుమ్మం దగ్గర ఆగి, ముప్పై ఎనిమిది ఫోన్లు ఒక్కసారి చూసుకో అని మనోజతో అన్నాడు. మెట్లు దిగుతున్న చప్పుడు ఒకటొకటిగా వినిపించింది.

ఆయన రోడ్డు మీదికి చేరేలోపు మనోజ నోరు విప్పి ఉంటే ఈ కథ ఇక్కడితో సమాప్తం అయ్యేది. ఆమె మాటల డబ్బా తెరిచి, గొంతు దస్త్రాలు ఒక్కొక్కటే తిరిగి సర్దడం మొదలుపెట్టింది.